బాదామిలో ఒక రోజు, నలుగురం, ఒకే తాడు: ఆ తాడు కొస గురించి చెప్పాలి

పాలపిట్ట | ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. నిన్నంతా కర్ణాటకలోని బాదామిలో రాళ్ళు ఎక్కి ఈ మధ్యాహ్నమే హైదరాబాద్ చేరాం. టైపు చేస్తుంటే వేళ్ళ కొసలు ఇంకా మండుతున్నాయి, అయినా ఇవాళే రాసేయాలి, రేపు ఆఫీసులో పడితే సగం మర్చిపోతాను. రోజు చాలా బాగా గడిచింది, మధ్యలో ఒక పావుగంట తప్ప. ఆ పావుగంట కోసమే ఈ పోస్టు, కానీ మొదటి నుంచీ చెప్తాను.

నేను, ఇమ్రాన్, రమ్య, చిన్నా. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి బయల్దేరి మహబూబ్‌నగర్, రాయచూర్, లింగసుగూర్ మీదుగా వెళ్ళాం, 400 కిలోమీటర్ల పైనే. తెల్లారి ఆరున్నరకి అగస్త్య తీర్థం చెరువు దగ్గర టీ తాగుతూ నిలబడితే ఎదురుగా ఎర్రటి కొండలు, కింద చెరువు నీళ్ళలో మళ్ళీ అవే కొండలు. మనం గుట్టలన్నీ బూడిద రంగు గ్రానైటే చూసి పెరిగినవాళ్ళం కదా, ఆ ఎరుపు మొదటిసారి చూస్తే రాయి కాదేమో అనిపిస్తుంది. ఇసుకరాయి. పొరలు పొరలుగా ఉంటుంది, గోడకి అడ్డంగా గీతలు గీసినట్టు సందులు, ఆ సందుల్లో నాలుగు వేళ్ళూ మొదటి కణుపు దాకా దిగుతాయి. మన దగ్గర బండ మీద అరచేయి ఆనించి పాదం రాపిడిని నమ్ముకుని ఎక్కుతాం, అక్కడ పట్టుకుని వేలాడటమే.

చిన్నాకి బయట రాయి మీద ఇదే మొదటిసారి. రెండేళ్ళుగా ఇండోర్ గోడ మీద బాగా ఎక్కుతున్నాడు, కానీ అక్కడ పట్టులన్నీ రంగుల్లో ఉంటాయి, ఇక్కడ వెతుక్కోవాలి. మొదటి రూట్ 5ఏ (కష్టం చెప్పే గ్రేడు, అంకె పెరిగేకొద్దీ కష్టం), టాప్ రోప్ మీద, అంటే తాడు ముందే పైనుంచి వేసి ఉంటుంది, మూడు మీటర్లు ఎక్కి ఆగిపోయాడు. అతని కుడి చేయి తల పైన రాయిని తడుముతూ తడుముతూ పోయి, ఒక సందు దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి అందులో దిగింది. దిగాక భుజం కిందికి జారి ఊపిరి వదిలాడు, కింద నుంచే కనపడింది. అక్కణ్ణించి పైదాకా ఆగలేదు.

రెండోది అతనే లీడ్ చేశాడు, అంటే తాడు కింద నుంచి తీసుకెళ్తూ, రాయిలో బిగించిన బోల్ట్‌లకి తగిలించుకుంటూ ఎక్కాడు. నాలుగో బోల్ట్ దగ్గర క్విక్‌డ్రాకి (బోల్ట్‌కీ తాడుకీ మధ్య వేసే క్లిప్పుల జత) తాడు తగిలించబోతూ "వదులు, వదులు" అని అరిచాడు. తాడు వదులు చెయ్యమని. కింద తాడు పట్టుకుని బిలే చేస్తున్నది నేనే, నాకు మాత్రం ఒక్క క్షణం చెయ్యి గడ్డకట్టుకుపోయింది, వదిలెయ్యమంటున్నాడా, పడిపోతున్నాడా అని. దీని గురించి మీరేమంటారో చూడాలి.

రమ్య 6ఏ లీడ్ చేసింది, పడకుండా, మొదటిసారే. మూడో బోల్ట్ దాటాక కాళ్ళు పెట్టడానికి దాదాపు ఏమీ లేని చోట ఎడమ చేతి మీద వేలాడుతూ కుడి చేయి చాక్ సంచిలో ముంచి తీసి మళ్ళీ ముంచి, అలా మూడుసార్లు. భయపడితే ఆమెకు ఆ అలవాటు. ఎవరం మాట్లాడలేదు. పైన యాంకర్‌కి (రూట్ చివర తాడు వేసే రింగులకి) తగిలించాక "ఓయ్" అని ఒక్క కేక పెట్టింది, పక్క గోడ దగ్గరున్న బెంగళూరు కుర్రాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం జొన్న రొట్టె, ఎణ్ణెగాయి అని మన గుత్తివంకాయకు చుట్టం లాంటి కూర, పల్లీల పొడి, పెరుగు. తిన్నాక రమ్య పొట్ట నిమురుకుంటూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంది. ఆ వాతాపి ఇదే ఊరు, ఈ చెరువు పేరు అగస్త్యుడిదే. చిన్నప్పుడు నానమ్మ పాలు పట్టి నా పొట్ట నిమిరి చెప్పిన మాట, ఆ ఊళ్ళోనే కూర్చుని వింటుంటే ఏదోలా అనిపించింది.

ఇప్పుడు అసలు విషయం. రెండున్నరకి ఇమ్రాన్ అక్కడ మేం చూసినవాటిలో అన్నిటికంటే పొడుగు రూట్ ఎక్కాడు. పైన యాంకర్ చేరాడు, తాడు రింగుల్లోంచి దూర్చుకున్నాడు, "దించు" అన్నాడు. నేను దించుతున్నా, దారిలో క్విక్‌డ్రాలు తీసుకుంటూ వస్తున్నాడు. నా కళ్ళు పైనే ఉన్నాయి, బిలే చేసేటప్పుడు ఉండాల్సింది అక్కడే కదా. రమ్య పక్కన కూర్చుని నీళ్ళు తాగుతోంది. ఉన్నట్టుండి "ఆపు!" అని అరిచింది. ఆపాను. కిందికి చూశాను.

తాడు కింద పరిచిన పట్టా మీద తాడు లేదు. నా కుడి చేతి కింద ఒకటిన్నర మీటరు వేలాడుతోంది, అంతే. కొస ఎర్ర దుమ్ములో పడి ఉంది, కాల్చి మూసిన నల్లటి కొస, దాని చుట్టూ నీలం టేపు. ముడి లేదు. ఇమ్రాన్ ఇంకా 6 మీటర్ల ఎత్తులో ఉన్నాడు, కింద అంతా రాళ్ళు. ఇంకో రెండు క్షణాలు అలాగే వదిలి ఉంటే ఆ కొస గ్రిగ్రీలోంచి (బిలే చేసేవాళ్ళ నడుముకుండే, తాడు ఆపే పరికరం) జారిపోయేది.

చిన్నా వచ్చి కొసకి ముడి వేశాడు, చేతులు వణుకుతూనే. ఇమ్రాన్‌కి చెప్పాను. అతను రెండో బోల్ట్ ఎదురుగానే ఉన్నాడు, గట్టి బట్ట ఉచ్చు, అంటే స్లింగ్‌తో బోల్ట్‌కి తగిలించుకుని నిలబడి, తాడు విప్పి, అది చేజారి పడిపోకుండా ముందే హార్నెస్‌కి (నడుముకి కట్టుకునే పట్టీలు) ఒక ముడితో తగిలించి, పైనుంచి మొత్తం లాగేసి, బోల్ట్‌కి లాకింగ్ కారబినర్ (తాళం పడే కొక్కెం) పెట్టి, అందులోంచి తాడు పోనిచ్చి మళ్ళీ కట్టుకున్నాడు. దించాం. కారబినర్ అక్కడే వదిలేశాం.

తాడు 60 మీటర్లది. పోయినేడు ఒక కొస పాడైతే కోశాం. ఎంత కోశామో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. రూట్ దాదాపు 30 మీటర్లు. చివర ముడి వేసుకోవాలని నలుగురికీ తెలుసు, నలుగురం నేర్చుకున్నాం, నలుగురం ఆ రోజు పొద్దున వేశాం కూడా. తిన్నాక తాడు మళ్ళీ పరిచినప్పుడు వెయ్యలేదు.

ఆ తర్వాత గంటసేపు కూర్చున్నాం. ఇమ్రాన్ నాతో ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

---

నల్లరాయి | ఆదివారం రాత్రి 10:58

పాలపిట్ట గారూ, రాసినందుకు ముందు థాంక్స్. ఇలాంటివి జరిగితే చాలామంది బయటికి చెప్పరు. నేను పద్దెనిమిదేళ్ళుగా ఎక్కుతున్నాను, నాకు తెలిసిన పెద్ద ప్రమాదాల్లో ఎక్కువ భాగం దించేటప్పుడు జరిగినవే. ఎక్కేటప్పుడు అందరికీ ఒళ్ళంతా కళ్ళుంటాయి, పని అయిపోయిందనుకున్నప్పుడే ఇది.

ఒక ప్రశ్న. మీ తాడుకి మధ్య గుర్తు ఉందా? కోసింది ఒకవైపే అయితే ఆ గుర్తు ఇప్పుడు మధ్యలో లేదు. ఎక్కేవాళ్ళు యాంకర్ చేరకముందే గుర్తు మీ చేతిలోకి వస్తే దించడానికి తాడు సరిపోదని తెలుస్తుంది, అందుకే ఆ గుర్తు. కోసిన తాడులో గుర్తు తప్పు చెప్తుంది, అసలు గుర్తు లేకపోవడం కంటే అది ప్రమాదం. 4 మీటర్లు ఒకవైపు కోస్తే మధ్య 2 మీటర్లు జరిగిపోతుంది.

లెక్క కూడా చెప్తాను, కొత్తవాళ్ళు చదువుతారు కాబట్టి. సింగిల్ పిచ్, అంటే ఒకే విడతలో ఎక్కి అదే తాడు మీద దిగే రూట్ అయితే, ఎత్తు తాడులో సగానికి లోపు ఉండాలి. తాడు కింద నుంచి పైకెళ్ళి, యాంకర్‌లోంచి తిరిగి కిందికి రావాలి. 60 మీటర్ల తాడుకి 30 పరిమితి, అదీ ముడికీ బిలే చేసేవాళ్ళు వెనక్కి జరిగి నిలబడటానికీ పోయేది పోగా. మీ తాడు 56 అనుకుందాం, రూట్ 30. పైకి 30 పోయింది, దిగడానికి మిగిలింది 26, అందులో మీ దగ్గర ఒక మీటరు. అంటే 5 మీటర్ల ఎత్తులో కొస వచ్చేస్తుంది. మీరు చెప్పిన 6 మీటర్లూ ఒకటిన్నర మీటరూ దీనికి దగ్గరగానే ఉన్నాయి.

---

సందుల్లో_వేలు | ఆదివారం రాత్రి 11:20

అక్కా, చదువుతుంటే నాకే చెమట పట్టింది. ఇమ్రాన్ అన్న రెండో బోల్ట్ దగ్గర చేసిన పని గురించి ఒకటి. ఒక్క బోల్ట్ మీద బరువంతా వేసి దిగడం చివరి దారి. పక్కన బెంగళూరు వాళ్ళు ఉన్నారన్నారు కదా, వాళ్ళ తాడు అడగాల్సింది. ఎలాగూ ఆయన స్లింగ్ మీద నిలబడ్డాడు, ఇంకో పది నిమిషాలు ఆగినా ఏమీ కాదు. వాళ్ళల్లో ఒకరు ఆ రూట్ రెండు బోల్ట్‌లు ఎక్కి తాడు అందిస్తే సరిపోయేది. తప్పు పట్టడం లేదు, ఆ టెన్షన్‌లో ఆయన అంత నిదానంగా ముళ్ళు వేశాడంటే గొప్పే. తాడు విప్పేముందు హార్నెస్‌కి తగిలించుకోవడం మాత్రం నూటికి నూరుపాళ్ళు సరైన పని, అది మర్చిపోయి తాడు చేజార్చుకుని గోడ మీద ఇరుక్కున్నవాళ్ళున్నారు.

---

పాలపిట్ట | ఆదివారం రాత్రి 11:41

నల్లరాయి గారూ, మధ్య గుర్తు ఉంది. నల్లటి గీత. కోశాక మార్చలేదు. మీరు చెప్పేదాకా అది నా బుర్రకే రాలేదు, ఇప్పుడు లేచి వెళ్ళి తాడు సంచి వైపు చూసొచ్చాను.

సందుల్లో_వేలు, పక్కవాళ్ళని అడగాలని నిజంగా తట్టలేదు తమ్ముడూ. ముప్పై అడుగుల దూరంలోనే ఉన్నారు.

---

తూర్పుగాలి | సోమవారం ఉదయం 7:05

చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను, కోపం తెచ్చుకోకండి. అందరూ ముడి గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం మొదటి పేరాలోనే కారణం కనపడింది. శుక్రవారం పొద్దున లేచారు, ఆఫీసు చేశారు, రాత్రంతా కారులో, ఆరున్నరకి టీ, ఎనిమిదింటికల్లా గోడ మీద. రెండున్నరకి, అదీ కడుపు నిండా జొన్న రొట్టె తిన్నాక, మీ నలుగురికీ దాదాపు ముప్పై గంటలుగా సరైన నిద్ర లేదు. పొద్దున గుర్తున్న ముడి మధ్యాహ్నం గుర్తులేకపోవడంలో వింతేముంది?

ఒక్క రోజు సెలవు కోసం ఇంత పరుగు మనందరం పెడతాం, నేనూ పెట్టాను. విశాఖ నుంచి హంపి ఇలాగే వెళ్ళి, బిలే చేస్తూ నిలబడే కునుకు తీశాను. నా స్నేహితుడు పైన ఉన్నాడు. ఏమీ కాలేదు, కానీ ఆ రోజు తర్వాత రాత్రి ప్రయాణం చేస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకోవాల్సిందే అని పెట్టుకున్నాను. ఎక్కేది సగం రోజే అవుతుంది, అవనీ.

---

ఇమ్రాన్_బి | సోమవారం ఉదయం 9:30

ఆ తాడుకి వేలాడినవాణ్ణి నేనే. పొద్దున్నే చదివాను.

పైనుంచి నాకేం కనపడిందంటే, ఏమీ కనపడలేదు. క్విక్‌డ్రా తీస్తున్నా, రాయి చూస్తున్నా, సాయంత్రం గుహలు చూడటానికి టైముంటుందా అని ఆలోచిస్తున్నా. మూడో గుహలో మంగళేశుడి శాసనం ఉంది, క్రీ.శ. 578 నాటిది, అది చూడాలని నాకు కాలేజీ రోజుల నుంచి కోరిక. రమ్య కేక విన్నాను, తాడు ఆగింది, కిందికి చూస్తే నా స్నేహితురాలి మొహంలో రంగు లేదు. అప్పుడు అర్థమైంది.

పాలపిట్టకి ఇక్కడే అందరి ముందూ చెప్తున్నాను. ఆ తాడు కోసినప్పుడు కత్తి పట్టుకున్నది నేను. సంచి మీద కొత్త కొలత రాయాల్సింది నేను. ఎక్కేముందు నా ముడి చూసుకున్నాను, నీ గ్రిగ్రీ చూశాను, కొస చూడలేదు. పట్టా నా కాళ్ళ దగ్గరే ఉంది. ఇద్దరం చూడాల్సింది ఇద్దరం చూడలేదు. నేను కటువుగా అనకపోవడం గొప్పతనం కాదు, అనడానికి నా దగ్గర ఏమీ లేదు.

తూర్పుగాలి గారు చెప్పింది నిజం. కారు సగం దూరం నేనే నడిపాను.

గుహలు చూశాం. శాసనం ముందు కాసేపు కూర్చున్నాం.

---

గోడమీదబల్లి | సోమవారం ఉదయం 11:15

కొత్తవాణ్ణి, మూడు నెలలుగా గచ్చిబౌలి వైపు ఇండోర్ గోడకి వెళ్తున్నాను. రెండు మూడు డౌట్లు. (1) ఇలాంటి చోటికి వెళ్ళాలంటే ఏమేం కొనుక్కోవాలి? (2) బోల్ట్‌లు ఎవరు కొడతారు, అవి గట్టిగా ఉన్నాయని ఎలా తెలుస్తుంది? (3) భయం ఎప్పటికైనా పోతుందా?

---

నల్లరాయి | సోమవారం మధ్యాహ్నం 1:02

బల్లి గారూ, (పేరు బాగుంది).

మొదట మీ సొంతానికి బూట్లు, హార్నెస్, హెల్మెట్ కొనుక్కోండి. హెల్మెట్ గురించి ఎవరేం చెప్పినా వినకండి, కొనండి. పైన ఎక్కేవాళ్ళ కాలు తగిలి చిన్న రాయి రాలినా చాలు. తాడు, క్విక్‌డ్రాలు బృందంలో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి, మొదటి ఏడాది కొనక్కర్లేదు. మీరు తాడు కొనే రోజు వస్తే డైనమిక్ తాడు అని అడిగి కొనండి. పడినప్పుడు అది సాగి దెబ్బ తగ్గిస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే నైలాన్ తాడు ఎంత లావున్నా దీనికి పనికిరాదు.

బోల్ట్‌లు కొట్టేది ఎక్కేవాళ్ళే. రాయికి డ్రిల్‌తో రంధ్రం చేసి, ఎక్స్‌పాన్షన్ బోల్ట్ బిగిస్తారు లేదా జిగురుతో అతికిస్తారు. ప్రతి బోల్ట్ దగ్గరా ఆగి చూడాలి: తుప్పు ఉందా, తాకితే హ్యాంగర్ (బోల్ట్‌కి ఉండే రేకు) తిరుగుతోందా, చుట్టూ రాయి పగిలిందా. అనుమానం ఉంటే ఆ రూట్ వదిలెయ్యండి, దిగొచ్చెయ్యండి. ఇసుకరాయి మీద ఇంకో మాట, వాన పడ్డాక ఒకటి రెండు రోజులు అసలు ఎక్కకూడదు. తడిస్తే ఆ రాయి బలం తగ్గిపోతుంది, పట్టు విరిగి చేతిలోకి వస్తుంది. పైకి ఆరినట్టు కనపడినా లోపల తడి ఉంటుంది. మన గ్రానైట్‌కి ఆ బాధ లేదు.

మూడోది మీ పేరున్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్నేనా! భయం పోదు. నాకైతే పోలేదు. అది ఎక్కడ మొదలవుతుందో తెలిసిపోతుంది, అంతే తేడా. నాకు కుడి మోకాలు వణుకుతుంది, అప్పుడు మడమ కిందికి దించి మూడు ఊపిర్లు తీసుకుంటాను.

---

షెఫీల్డ్_సీమవాసి | సోమవారం సాయంత్రం 5:48

కర్నూలు మాది, ఉండేది ఇంగ్లండ్ షెఫీల్డ్‌లో. వారాంతం వస్తే స్టానేజ్ ఎడ్జ్ మీదే ఉంటాం. పొలం గట్టులాగా కొన్ని కిలోమీటర్లు సాగే గోడ, ఎత్తు మాత్రం చాలాచోట్ల పదిహేను ఇరవై మీటర్లు దాటదు, అన్నీ సింగిల్ పిచ్‌లే. అక్కడ బోల్ట్ అనేదే లేదు, కొట్టనివ్వరు, అదొక ఆచారం. సందుల్లో లోహపు నట్లు, క్యామ్‌లు ఇరికించి వాటికే తాడు తగిలించుకుంటూ పోవాలి, వెనక వచ్చేవాళ్ళు పీక్కుంటూ వస్తారు. సాయంత్రానికి గోడ మీద చాక్ మరకలు తప్ప ఏమీ మిగలదు. అలవాటు పడటానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ముడి సంగతికి వస్తే, లిన్ హిల్ కథ అందరూ తెలుసుకోవాలి. ప్రపంచంలోనే గొప్ప క్లైంబర్లలో ఒకరు. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూలో హార్నెస్‌కి తాడు దూర్చి, ముడి పూర్తి చెయ్యకుండా బూట్లు వేసుకోవడం వైపు మళ్ళింది. పైన జాకెట్ ఉండటంతో ముడి కనపడలేదు. రూట్ మొత్తం ఎక్కింది. పైన దిగడానికి వెనక్కి వాలింది. 20 మీటర్లకు పైగా పడి, చెట్టు కొమ్మల మీద పడటం వల్ల బతికింది. 1993లో ఆవిడే అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే కొండగోడ మీద నోస్ రూట్‌ని ఫ్రీగా (తాడు పడితే కాపాడటానికే గానీ పట్టుకుని ఎక్కడానికి వాడకుండా) ఎక్కింది, అప్పటిదాకా ఆడా మగా ఎవరూ చెయ్యలేదు.

అప్పటి నుంచి నాది ఒక నియమం. ముడి వేస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడించకూడదు. నా భార్య అయినా సరే. కొస ముడితో కలిపి పూర్తయ్యాకే మాట.

---

మోకు | సోమవారం రాత్రి 9:15

ఈ వేదికలో చదవడమే గానీ రాయడం తక్కువ. ఈ పోస్టు చూశాక రాయాలనిపించింది.

మా నాన్న గీత కార్మికుడు. భువనగిరి దగ్గర ఊరు మాది. నలభై ఏళ్ళు తాటిచెట్లు ఎక్కారు. మోకు, ముత్తాదు, అంతే ఆయన సామాను. మీరు హార్నెస్, స్లింగ్ అంటుంటే నాకు అవే గుర్తొస్తాయి, చెట్టు ఎక్కేటప్పుడు ఒంటికి ఆధారంగా వేసుకునే తాళ్ళు. పొద్దున చీకట్లో లేచి మొహం కడుక్కోకముందే మోకు చేతిలోకి తీసుకుని మొత్తం పొడవునా బొటనవేలితో నొక్కుకుంటూ పోయేవారు. ఒకచోట ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ నొక్కేవారు. అప్పుడు అమ్మ ఏమైనా అడిగినా పలికేవారు కాదు. షెఫీల్డ్ అన్న రాసిన నియమం చదివి అందుకే ఆగిపోయాను. నాన్నకి ఎవరూ నేర్పలేదు, ఆయన నాన్న చేస్తుంటే చూశారు.

మా బాబాయి అలా నొక్కి చూడని రోజు ఒకటుంది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తారు.

2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకి కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మా అన్నకి వచ్చింది. బెల్టు, తాళ్ళు, జారితే పట్టుకునే ఏర్పాటు, మీ సామానుకి దగ్గరగానే ఉంటుంది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని మొదట చేసిన పని ఏంటో చెప్పక్కర్లేదు కదా, బొటనవేలితో నొక్కుకుంటూ పోయారు.

---

పాలపిట్ట | సోమవారం రాత్రి 9:50

మోకు గారూ, మీ పోస్టు రమ్యకి ఫోన్లో చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

---

దక్కన్_బండ | మంగళవారం ఉదయం 8:20

మోకు గారి పోస్టు తర్వాత రాయడానికి బెరుకుగా ఉంది, అయినా "వదులు" సంగతి ఎవరూ ఎత్తుకోలేదు, అది చిన్న విషయం కాదు.

మన భాషలో వదులు అంటే రెండు అర్థాలూ ఉన్నాయి, తాడు బిగువు తగ్గించు అని, చెయ్యి తీసెయ్ అని. బిలే చేసేవాళ్ళకి ఈ రెండింటి మధ్య తేడా ప్రాణమంత. మా బృందంలో ఐదేళ్ళ క్రితం కూర్చుని తేల్చుకున్నాం. తాడు కావాలంటే "స్లాక్", బిగించాలంటే "పట్టు", దిగాలంటే "దించు", రాయి రాలితే "రాయి". "వదులు" అన్న మాట గోడ దగ్గర నిషేధం. ముందు "టేక్" అనేవాళ్ళం, గాలిలో అదీ స్లాక్ కూడా ఒకేలా వినపడుతున్నాయి, చివర రెండూ క్ శబ్దమే కదా. "పట్టు" అయితే దేనితోనూ కలవదు. ఇంకొకటి, మాటకి ముందు పేరు పెట్టాలి. ఉత్త "స్లాక్" కాదు, పైనుంచి అరిచేవాడు బిలే చేసేవాళ్ళ పేరు పిలవాలి. పక్క గోడ మీద ఎవరో "దించు" అంటే మనం దించకూడదు.

---

సందుల్లో_వేలు | మంగళవారం ఉదయం 8:44

పట్టు చాలా బాగుంది అన్నా. మేం గుంటూరు వాళ్ళం ముగ్గురం "లాగు" అంటాం, కానీ లాగు అంటే నిజంగానే లాగేస్తున్నారు, ఎక్కేవాడి కాలు జారుతోంది. ఇక నుంచి పట్టు.

---

ఇందూరు_అమ్మ | మంగళవారం మధ్యాహ్నం 2:30

నేను క్లైంబర్‌ని కాదు. మా పాపకి పన్నెండేళ్ళు, గురుకులంలో చదువుతోంది. మా జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకి పద్నాలుగేళ్ళు నిండలేదు, ఆమె కూడా గురుకులం పిల్లే. స్కూల్లో ఆ ఫోటో చూసి మా పాప ఇప్పుడు రాయి ఎక్కడం నేర్చుకుంటానంటోంది. ఈ చర్చ అంతా చదివాను. భయం వేసింది, అబద్ధం చెప్పను. మీరు చెప్పండి, పంపించమంటారా?

---

నల్లరాయి | మంగళవారం మధ్యాహ్నం 3:10

అమ్మా, పూర్ణ, ఆమెతో పాటు ఎవరెస్ట్ ఎక్కిన ఖమ్మం అబ్బాయి ఆనంద్ కుమార్ ఇద్దరూ మొదట తాడు పట్టుకుంది భువనగిరిలోనే. ఖిల్లా ఉన్న ఆ ఒక్క బండ దాదాపు 500 అడుగులు ఉంటుంది, చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఆ ఊరు. అక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. పంపించండి. పంపేముందు మీరు ఒక రోజు వెళ్ళి కూర్చుని చూడండి. నేర్పేవాళ్ళు పిల్ల ఎక్కే ప్రతిసారీ ముడి చేత్తో పట్టుకుని చూస్తున్నారా, ప్రతి పిల్లకీ హెల్మెట్ ఉందా, కింద బిలే పట్టినవాళ్ళ పక్కన ఇంకొకరు ఉంటున్నారా, ఈ మూడూ చూడండి. చూస్తుంటే ధైర్యంగా పంపండి. లేకపోతే అదే రోజు పాపని తీసుకుని ఇంటికొచ్చెయ్యండి, మొహమాటపడకండి.

---

తూర్పుగాలి | మంగళవారం సాయంత్రం 6:00

అమ్మ గారూ, పాపకి ఇంకొకటి కూడా చెప్పండి. గోడ దగ్గరికి వెళ్ళగానే ఎక్కేచోటు కంటే ముందు పైకి చూసి తేనెపట్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి. కొండ తేనెటీగలు పెద్దవి, ఒకటి కుడితే మిగతావి వెంటపడతాయి. తేనెపట్టు కనపడితే ఆ గోడ ఆ రోజుకి వదిలెయ్యడమే. అరుపులు, పొగ, సెంటు ఏవీ వద్దు. బాదామిలోనూ ఉంటాయి, రామనగరలోనూ ఉంటాయి, మన దగ్గరా ఉంటాయి.

---

దక్కన్_బండ | మంగళవారం రాత్రి 10:35

బాదామి పోవడం మంచిదే, నేనూ పోతాను. కానీ ఒక మాట అడగాలని ఉంది. మన హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ 250 కోట్ల ఏళ్ళ నాటిది. ఖాజాగూడ గుట్టల మీద పదేళ్ళ క్రితం నేను నేర్చుకున్న బండల్లో కొన్ని ఇప్పుడు లేవు. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచి మొత్తుకుంటున్నారు. 400 కిలోమీటర్లు రాత్రంతా ప్రయాణం చేసి నిద్ర లేకుండా ఎక్కాల్సి రావడానికి ఇది కూడా ఒక కారణమే కదా. ఇంటికి అరగంట దూరంలో గుట్ట ఉంటే మధ్యాహ్నం రెండున్నరకి అందరూ మెలకువగా ఉంటారు. మిగిలిన వాటి దగ్గరికైనా మనం తరచూ వెళ్ళాలి. మనుషులు తిరుగుతున్న గుట్టని పేల్చడం కష్టం.

---

పాలపిట్ట | శనివారం ఉదయం 11:25

వారం అయింది. ఈ పొద్దున నలుగురం మా అపార్ట్‌మెంట్ కారిడార్‌లో తాడు మొత్తం పరిచి టేపుతో కొలిచాం. 55 మీటర్ల 70 సెంటీమీటర్లు. అంటే మేం అనుకున్నదానికంటే ఎక్కువే కోశాం. పాత నల్ల గీత కనపడకుండా దాని మీద తెల్ల దారం చుట్టాం, అసలు మధ్యలో ఎర్ర దారం చుట్టాం, కొత్త కొలత ఇమ్రాన్ సంచి మూత మీద పెద్ద అక్షరాలతో రాశాడు. పట్టా ఒక మూలకి చిన్న బట్ట ఉచ్చు కుట్టించాను, తాడు కొస ముందు దానికి కట్టి ఆ తర్వాతే తాడు పరచాలి. పట్టా మడిచి మళ్ళీ పరిచినా కొస ఉచ్చులోనే ఉంటుంది, తిన్నాక మర్చిపోవడానికి వీల్లేదు.

కొలిచేటప్పుడు చిన్నా తాడు పొడవునా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు. మోకు గారి పోస్టు చదివాడట. ముప్పై ఎనిమిదో మీటరు దగ్గర ఆగాడు. లోపల మెత్తగా ఉంది, ఒక అంగుళం మేర, పైకి ఏమీ కనపడటం లేదు. ముగ్గురం కూడా నొక్కి చూశాం, నలుగురికీ తెలిసింది. ఈ తాడు ఇక వాడం. కొత్తది ఆర్డర్ పెట్టాం, ఈసారి 70 మీటర్లు.

వచ్చే నెల రెండో శనివారం భువనగిరి వెళ్తున్నాం. పొద్దున ఆరింటికి ఉప్పల్ నుంచి, రాత్రి అందరం ఇళ్ళల్లోనే పడుకుని. కారులో ఒకరికి చోటుంది. గోడమీదబల్లి, వస్తారా? మోకు గారూ, మీ ఊరు అక్కడే అన్నారు, ఎక్కడం అయ్యాక మీ నాన్నగారిని కలవొచ్చా?

---

మోకు | శనివారం మధ్యాహ్నం 12:10

రండి. పాత తాడు పారెయ్యకుండా తీసుకురండి, నాన్న ఒకసారి చూస్తానన్నారు.